హంతకుడి పని ఎంత, దయ్యం వంతు ఎంత

1990ల్లో కొన్నాళ్లపాటు అనంతపురంలో మా వీధి తలుపులన్నీ ఒకే మాట చెప్పేవి. కొన్నింటి మీద సుద్దతో, కొన్నింటి మీద బొగ్గుతో, పక్కింటివాళ్ల తలుపు మీద మాత్రం పసుపు నీళ్లతో, "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి మనకు తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికి తలుపు తీసినవాళ్లు తెల్లారేసరికి రక్తం కక్కుకుని పోతారనీ, తలుపు మీద ఆ రాత కనబడితే మాత్రం సరే రేపే వద్దామని వెనక్కి మళ్లుతుందనీ ఊరంతా చెప్పుకున్నారు. కన్నడ ప్రాంతంలో ఇదే మాటను "నాళె బా" అని రాసుకునేవారు కాబట్టి, మా జిల్లా సరిహద్దులో తిరగవలసి వచ్చిన దయ్యానికి రెండు భాషలూ చదవడం వచ్చి ఉండాలి. ఈ సంగతే మా అవ్వతో అంటే, "దానికి సదువొచ్చునో రాదో నన్నడగొద్దు, రాసింది తుడిపినావంటే మాత్రం కాళ్లు ఇరగ్గొడతా" అన్నది.

ఆ పుకారు ఎక్కడ పుట్టిందన్నది పక్కన పెట్టి, కథ కట్టేవాడి కంటితో చూస్తే, అది చాలా పకడ్బందీగా అల్లిన కథ. చంపేది ఎవరో తెలుసు. ఎట్లా చంపుతుందో తెలుసు: గొంతు మార్చి పిలుస్తుంది, పలికితే చాలు. దానికొక కట్టుబాటు ఉంది: రాసిన మాటను చదువుతుంది, చదివిన మాటకు లోబడుతుంది. గండం గడిచిపోదు, ఒక్క రోజు వాయిదా పడుతుంది, మర్నాటి రాత్రి మళ్లీ అదే తలుపు, అదే రాత. ఇంత పక్కాగా ఉన్న కథలో ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అది అసలు ఎందుకు చంపుతుంది? హంతకులూ అమానుష శక్తులూ కలిసి తిరిగే చీకటి కథలను, అంటే ఇప్పుడు మనం హారర్ థ్రిల్లర్ అని పిలుస్తున్న సాహిత్యాన్ని, విప్పి చూడాలంటే ఈ ఖాళీ దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

హారర్ థ్రిల్లర్ అన్న పేరు వినడానికి ఒక్కటిగా ఉన్నా, అందులో ఒకదానితో ఒకటి పొసగని మూడు కుతూహలాలు ఇరుక్కుని ఉన్నాయి. హత్య జరిగిపోయాక మొదలయ్యే అపరాధ పరిశోధన కథలో పాఠకుడు "ఎవరు" అని అడుగుతాడు. హత్య ఇంకా జరగవలసి ఉన్న థ్రిల్లర్‌లో "అంతలోగా ఆపగలరా" అని అడుగుతాడు. భయానక కథలోకి వచ్చేసరికి "నా ఎదుట నిలబడ్డది ఏమిటి" అన్న ప్రశ్న పుడుతుంది. మొదటి ప్రశ్నకు చివరి పేజీలో పూర్తి వివరణ ఇచ్చి తీరాలి. రెండో దానికి గడియారమూ దూరమూ కావాలి, ఎందుకంటే హంతకుడు ఆ ఇంటికి చేరడానికి పట్టే ఇరవై నిమిషాలే అక్కడి ఉత్కంఠ. మూడో దానికి వివరణ పూర్తయిన క్షణమే ప్రాణం పోతుంది. వివరణ కోరే ప్రశ్ననూ, వివరణకు బెదిరే ప్రశ్ననూ ఒకే అట్టల మధ్య కుట్టడమే ఈ రకం రచనలో ఉన్న అసలు చిక్కుముడి.

అపరాధ పరిశోధన కథలు రాసేవాళ్లు ఈ చిక్కును ముందే పసిగట్టి దయ్యాన్ని గడప బయటే నిలబెట్టారు. రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతగురువు, తానూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, 1929లో ఆ కథలకు పది కట్టుబాట్లు పెట్టాడు. అమానుష శక్తుల ప్రమేయం ఏ రూపంలోనూ పనికిరాదన్నది వాటిలో రెండోది. కారణం సులువుగానే తెలుస్తుంది. లోపలి గడియ పెట్టి ఉన్న గదిలో శవం దొరికిందని చెప్పి, రెండు వందల పేజీల పాటు గడియ గురించీ కిటికీ ఊచల గురించీ ఆలోచింపజేసి, చివరికి గోడలోంచి నడిచి వచ్చిన దయ్యం చంపిందని తేల్చితే, పాఠకుడు పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. చదువరికీ రచయితకూ మధ్య ఉన్న ఒప్పందం అక్కడ తెగిపోతుంది.

అయినా ఈ మూడింటినీ కలిపి నెగ్గిన కథలున్నాయి. అవి పని పంచుకున్న తీరు చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. చంపడం ఎట్లా జరిగిందన్నది వాటిలో మనిషి కొలతల్లోనే ఉంటుంది: ఒక దారి, ఒక ఆయుధం, ఒక చీకటి, ఒక కాపలా లోపం. ఎందుకు చంపాడన్న ప్రశ్నకు మనిషి చెప్పగల జవాబు చాలని చోట, సరిగ్గా ఆ చాలని మేరకే, అమానుషమైనది వచ్చి కూర్చుంటుంది. ఈ వాటాలు తారుమారైతే, అంటే కత్తి దానంతటదే గాలిలో ఎగిరి వచ్చే కథ అయితే, మొదటి హత్యకు ఉలికిపడతాం, రెండోదానికి సర్దుకు కూర్చుంటాం, మూడోదానికి నవ్వుతాం.

ఇది పడమటి దేశాల నుంచి మనం నేర్చుకోవలసిన విద్యేమీ కాదు. మహాభారతంలోని సౌప్తిక పర్వం, తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో ఒకటి, ఈ పద్ధతికి నాకు తెలిసినంతలో అతి పదునైన నమూనా. పద్దెనిమిదో రోజు పొద్దుగుంకింది, తొడలు విరిగి దుర్యోధనుడు నేల మీద పడి ఉన్నాడు, అతని పక్షాన మిగిలినవాళ్లు ముగ్గురే. అడవిలో పెద్ద మర్రిమాను కింద కృపుడూ కృతవర్మా నిద్రపోయారు, అశ్వత్థామకు నిద్ర పట్టలేదు. ఆ చెట్టు మీద కాకులు గుంపులుగా నిద్రపోతున్నాయి. ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చి వాలి, కొన్నింటి రెక్కలు తుంచి, కొన్నింటి తలలు తెంచి, చెట్టు కింద నేలంతా కాకుల తునకలతో నింపింది. ఈ పక్షి నాకు ఉపదేశం చేసిందనుకున్నాడు అశ్వత్థామ. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కింద, ఎకరాల కొద్దీ పరుచుకున్న ఆ ఊడల మధ్య, దీపాలు పెట్టే వేళ ఒక్కసారి నిలబడినవాళ్లకు ఈ ఘట్టాన్ని వర్ణించి చెప్పవలసిన పని లేదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. పథకమంతా మనిషిది. నిద్రపోతున్న శిబిరాన్ని ఎంచుకున్నాడు. తప్పించుకుని బయటికి పరుగెత్తేవాళ్లను నరకడానికి కృపుణ్నీ కృతవర్మనూ వాకిట్లో నిలబెట్టాడు. తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుడి గుడారంలోకే ముందు వెళ్లాడు. కనీసం ఆయుధంతో చంపమని అతను వేడుకున్నా వినక, కాళ్లతో తొక్కి చంపాడు. తర్వాత వాకిట్లో ఉన్న ఇద్దరూ శిబిరానికి మూడు వైపులా నిప్పు పెట్టారు. పోలీసు రికార్డులో రాసుకోదగిన వివరాలు ఇవన్నీ. వీటికి ముందు ఒక్కచోట మాత్రం కవి మరో తలుపు తెరిచాడు. శిబిర ద్వారం దగ్గర ఒక మహాభూతం అడ్డు నిలవగా, అశ్వత్థామ అస్త్రాలన్నీ వృథా అయ్యాక, తనను తానే శివుడికి ఆహుతిగా అర్పించుకున్నాడు. శివుడు పాంచాలుర కాలం తీరిందని చెప్పి, ఖడ్గమిచ్చి, అతని ఒంట్లోకి ప్రవేశించాడు. ఖడ్గం చేతికి వచ్చినా పథకం మారలేదు, వాకిట్లో ఇద్దరు మనుషుల కాపలా అవసరం తీరలేదు. మారిందల్లా ఒకటే, ఆ రాత్రి చంపుతున్నది తండ్రి చావుకు కుమిలిన కొడుకా, లోపల చేరిన కాలరుద్రుడా అన్నది ఇక చెప్పలేం.

ఈ సందేహాన్ని కవి మన నోట పలికించకుండా కథలోని ఆడవాళ్ల నోట పలికించాడు. ధృష్టద్యుమ్నుడి గుడారంలోని స్త్రీలూ కావలివాళ్లూ అతణ్ని భూతమే అనుకుని భయంతో నోరు మెదపలేకపోయారు. కేకలు విని పరుగెత్తుకొచ్చిన యోధులు ఎవరు ఎవరని అడిగితే, రాక్షసుడో మనిషో మాకు తెలియదు, పాంచాల రాజును చంపి అడుగో రథమెక్కి నిలబడ్డాడు అన్నారు. చచ్చిపోతున్నవాళ్లకు నల్లటి రూపంతో, ఎర్రటి కళ్లతో, చేత పాశం పట్టుకున్న కాళరాత్రి కనిపించింది. యుద్ధం మొదలైన నాటి నుంచీ ప్రతి రాత్రీ ఆమె తమను కట్టి తీసుకుపోతున్నట్టూ వెనకాల అశ్వత్థామ నరుకుతున్నట్టూ వాళ్లు కలగన్నారని, ఆ కల ఇప్పుడు గుర్తొచ్చిందనీ కవి చెప్తాడు. ఇప్పటి రచయిత ఎవరైనా ఈ కల సంగతిని కథ మొదట్లోనే పెట్టి మనల్ని బెదిరించేవాడు. వ్యాసుడు కత్తి దిగేటప్పుడు చెప్పాడు, అందుకే అది ఒళ్లు జలదరింపజేస్తుంది.

1970లో త్స్వెతాన్ తొదొరోవ్ అనే విమర్శకుడు ఫ్రెంచిలో రాసిన పుస్తకంలో ఈ "రాక్షసుడో మనిషో" అన్న స్థితికే సిద్ధాంతం కట్టాడు. జరిగినదానికి లోకసహజమైన వివరణ ఉందా, లేక లోకం మనం అనుకున్నట్టు లేదా అని తేల్చుకోలేక ఊగిసలాడే ఆ కాసేపే ఈ సాహిత్యానికి ఆయువుపట్టని, తేలిపోయిన మరుక్షణం కథ ఇటో అటో మరో కోవలోకి జారిపోతుందని ఆయన వాదన. కొంచెం కరకు వాదనే అయినా పనిచేసే వాదన.

తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన బేతాళ కథల్లో ఇంకో చిత్రం ఉంది. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, అందులో దూరి మాట్లాడే బేతాళుడు, ఇవన్నీ చందమామ పుణ్యమా అని మనకు కంఠస్థం. కానీ నెలనెలా శవం మళ్లీ చెట్టెక్కుతూనే ఉండడం వల్ల, ఆ పెద్ద కథ చివరికి ఏమవుతుందో తెలియకుండానే మూడు తరాల పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఆ ముగింపు ఉంది. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానాన్ని ఏలే రాజుకు ఒక భిక్షువు రోజూ కొలువుకు వచ్చి ఒక పండు ఇచ్చి పోతుంటాడు. ఒకనాడు కోతి ఆ పండును కొరికితే లోపలి నుంచి రత్నం జారిపడుతుంది. ఆ రత్నాల బాకీ కిందే రాజు శ్మశానానికి వెళ్లి శవాన్ని మోసుకురావడానికి ఒప్పుకుంటాడు. చివరికి అతణ్ని కాపాడినది శవంలోని బేతాళుడే. సాష్టాంగపడమని చెప్పి నీ తల నరికి బలి ఇవ్వబోతున్నాడు, ఎట్లా పడాలో ముందు నువ్వే చూపించమని అడుగు, అని చెప్తాడు. రాజు అట్లాగే అడిగి, ఆ భిక్షువు వంగినప్పుడు అతని తల నరుకుతాడు. మనం ఇన్నేళ్లుగా దయ్యం కథ అనుకుని చదివినది, మర్యాదగా పండు చేతికిచ్చి రోజూ నమస్కరించిపోయే ఒక హంతకుడి కథ.

పండులో రత్నం పెట్టిచ్చే ఆ మర్యాద ఇప్పటికీ పోలేదు. మా అనంతపురంలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే బెంగళూరు ప్రాంతంలో, సైనైడ్ మల్లిక అని పత్రికలు పేరుపెట్టిన ఒక స్త్రీ గుళ్లకు వచ్చే ఆడవాళ్లతో పరిచయం పెంచుకుని, మీ కష్టాలు తీరే పూజ చేయిస్తానని నమ్మించి, నగలన్నీ పెట్టుకుని రమ్మని, తీర్థమని చెప్పి సైనైడ్ కలిపిన నీళ్లు తాగించేది. 1999లో మొదలైన ఆ హత్యలు 2007 చివర్లో ఆమె పట్టుబడ్డాక గానీ ఆగలేదు. ఇందులో అమానుషమైనదేదీ లేదు, దాని మీద నమ్మకం మాత్రం ఉంది, హంతకురాలికి అదే ఆయుధమైంది. ఇటువంటి మనిషిని రాసేటప్పుడు దయ్యాన్ని తెచ్చిపెట్టడం రచయిత చేయగల అతి పెద్ద పొరపాటు, ఎందుకంటే అక్కడ ఎందుకు అన్నదానికి జవాబు తులాల లెక్కలో తేలిపోతూ ఉంది.

సీమ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. బయటివాళ్లు రాసిన, తీసిన కథల్లో కర్నూలుకూ కడపకూ అనంతపురానికీ హంతకులను మాత్రమే కేటాయించి, దయ్యాలను కోస్తా జమీందారీ బంగళాలకు పంచిపెట్టారన్నది నాకున్న పాత ఫిర్యాదు. వేట కొడవలీ నాటు బాంబూ మావి, కిర్రుమనే తలుపు వాళ్లది. అయితే ఆలోచిస్తే ఈ పంపకంలో ఒక తర్కం లేకపోలేదు. ఫ్యాక్షన్ హత్యకు కారణం ఎప్పుడూ కొరతపడదు. ఫలానా సంవత్సరం ఫలానా జాతరలో ఎవరు ఎవరిని నరికారో, దానికి బదులు ఎప్పుడు తీరిందో, పిల్లవాడు నిద్రలో లేపినా చెప్పగలడు. పగ అనేది లెక్క. అన్నీ నిండిపోయిన ఆ కథలో దయ్యం కూర్చోవడానికి జాగా ఉండదు.

ఇంకా చెప్పాలంటే, తెలుగు కథల్లో దయ్యం కూడా చాలాకాలం ఫ్యాక్షనిస్టులాగే ప్రవర్తించింది. చెరచబడి చంపబడ్డ ఆడమనిషి తిరిగొస్తుంది, నలుగురు దోషుల్నీ ఒక్కొక్కరినే ముగిస్తుంది, లెక్క సరిపోగానే గాలిలో కలిసిపోతుంది. పగబట్టిన పాము కథా ఇదే. వీటిని భయానక కథలనడం కంటే వ్యాజ్యం కథలనడం సబబు. కోర్టులో దక్కని తీర్పును శ్మశానం ఇస్తుంది, ప్రేక్షకుడు లోలోపల దయ్యం పక్షాన నిలబడి నాలుగో శవం కోసం ఎదురుచూస్తాడు. నాలుగో శవం పడ్డాక కూడా అది వెళ్లిపోకపోతే, అయిదో తలుపు దగ్గర నిలబడి ఏ తప్పూ చేయనివాడి పేరు పిలిస్తే, అసలైన భయం అక్కడ మొదలవుతుంది.

కారణం దొరకని హంతకుణ్ని ఆధునిక ప్రపంచం సీరియల్ కిల్లర్ అన్నది. లండన్‌లో 1888లో అయిదుగురు స్త్రీలను చంపినట్టు లెక్కగట్టిన జాక్ ది రిప్పర్‌గానీ, కలకత్తాలో 1989లో పేవ్‌మెంట్ల మీద నిద్రపోయేవాళ్ల తలలను బండరాళ్లతో చితకగొట్టిన స్టోన్‌మ్యాన్‌గానీ దొరకలేదు. ముఖం లేని హంతకుడికి జనం దయ్యం ముఖమే తగిలిస్తారు, అది సహజం. దొరికినవాళ్ల సంగతి ఇంకో రకం. 1960ల్లో బొంబాయి మురికివాడల్లో వరుస హత్యలు చేసి 1968లో పట్టుబడ్డ రామన్ రాఘవ్‌ను వైద్యులు పరీక్షించి స్కిజోఫ్రీనియా అని తేల్చడంతో, అతని ఉరిశిక్ష చివరికి యావజ్జీవంగా మారింది. పిచ్చితనాన్ని చట్టం కొలిచే కొలత మాత్రం మన కథల కొలత కాదు. అంతకుముందు శిక్షాస్మృతి 84వ సెక్షన్‌గా ఉండి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా ఉన్న నిబంధన అడిగేది ఒక్కటే. ఆ పని చేస్తున్న సమయంలో, మతిస్థిమితం లేని కారణంగా, తాను చేస్తున్నదేమిటో, అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? దేవత చంపమన్నదని చెప్పినంత మాత్రాన సరిపోదు, చంపిన తర్వాత కత్తిని కడిగి దాచాడా అన్నది కూడా చూస్తారు. మన రచయితలు ఈ చిన్న వివరాన్ని వాడుకుంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. కత్తి కడిగిన హంతకుడికీ కడగని హంతకుడికీ మధ్య ఉన్న దూరం, దయ్యం పట్టినవాడికీ పట్టినట్టు నటించేవాడికీ మధ్య ఉన్న దూరమే.

మనిషో దయ్యమో తేల్చవలసిన పని ఒక న్యాయస్థానానికే పడిన సందర్భం ఒకటుంది. 1958లో ఒడిశాలో, బాలాసోర్ వైపున పాడుబడ్డ రసగోవింద్‌పూర్ విమానాశ్రయంలో తుక్కు ఇనుము కొనడానికి కలకత్తా నుంచి ఒక వ్యాపారి, తన నేపాలీ పనివాడితో కలిసి వచ్చాడు. అక్కడ దయ్యాలు తిరుగుతాయని ఊళ్లో గట్టి నమ్మకం. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్లడానికి జంకిన ఒక గ్రామస్థుణ్ని ఊరికి దిగబెట్టి, దయ్యాలను చూడాలన్న సరదా కూడా తోడై, వాళ్లు అర్ధరాత్రి ఆ మైదానం మీదుగా తిరిగి వస్తున్నారు. దూరంగా ఒక వెలుగు ఊగుతూ కనిపించింది, దాని చుట్టూ ఏవో ఆకారాలు కదులుతున్నాయి. పనివాడు కుక్రీ దూసి పరుగెత్తుకెళ్లి ఎడాపెడా నరికాడు. లాంతరు పెట్టుకుని చెట్టు కింద ఇప్పపూలు ఏరుకుంటున్న గిరిజన స్త్రీలు వాళ్లు. ఒకామె చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు.

ఒరిస్సా హైకోర్టు 1959లో అతణ్ని నిర్దోషిగా వదిలేసిన కింది కోర్టు తీర్పునే ఖాయం చేసింది. శిక్షాస్మృతి 79వ సెక్షన్ కింద, ఇప్పటి న్యాయ సంహితలో 17వ సెక్షన్ కింద, వాస్తవాన్ని పొరపాటుగా అర్థం చేసుకుని సద్భావంతో చేసిన పని నేరం కాదు. దయ్యాలనే నమ్మి దయ్యాల మీదే దూకానని అతను నిజాయితీగా నమ్మాడని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. ఈ కేసు చదివినప్పుడల్లా నాకు ఇప్పపూల వైపు నుంచి ఆ రాత్రిని చూడాలనిపిస్తుంది. పూలు ఏరుకుంటున్న ఆమెకు కనిపించినది ఏమిటి? చీకట్లోంచి కేకలు వేస్తూ, మెరిసే వంకర కత్తితో దూసుకొచ్చిన ఒక ఆకారం. అక్కడ దయ్యం ఎవరు?

మంత్రగత్తె అని, బాణామతి చేస్తున్నాడని అనుమానించి మనుషులను కొట్టి చంపే సంఘటనలు తెలుగు నేలకు కొత్తవి కావు కాబట్టి, ఈ రకం కల్పన మీద వచ్చే ఆరోపణను తేలిగ్గా తీసేయలేం. 1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" పాఠకులను ఊపేసినప్పుడు, అది చేతబడి మీద నమ్మకాన్ని పెంచుతుందని పెద్ద గొడవే జరిగింది. రంగనాయకమ్మ దాని మీద విమర్శగా ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అద్దె పుస్తకాల దుకాణంలో వంతు కోసం ఎదురుచూసి ఆ నవల చదివినవాళ్లలో నేనూ ఒకణ్ని కనుక, ఏకపక్షంగా తీర్పు చెప్పలేను. చదివిన వారం రోజులు నిమ్మకాయ తొక్కకుండా నడిచిన మాట నిజం. నా అనుభవం వరకు చెప్పాలంటే, ప్రమాదం దయ్యాన్ని చూపించే కథలో కంటే, ఒక మనిషిని వేలెత్తి చూపి వీడి వల్లే పసిపిల్ల చస్తున్నదని నిర్ధారించే కథలో ఎక్కువ. అందులో దయ్యం, ఎట్లా చంపారన్న ప్రశ్నకు జవాబుగా మారుతుంది. దబ్బనం గుచ్చిన బొమ్మతో ఊరవతల ఎవరో చంపవచ్చని ఒప్పుకున్నాక, ఊరవతల ఉండేవాణ్ని కొట్టడానికి రాయి ఏరుకోవడం ఒక్కటే మిగులుతుంది.

ఇక రక్తం ఎంత చూపాలన్న ప్రశ్న. మన అలంకారశాస్త్రం ఈ విషయంలో ఇప్పటి సినిమావాళ్ల కంటే స్పష్టంగా ఉంది. భరతుడు భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరు రసాలుగా పెట్టాడు. మొదటిదానికి మూలం భయం, రంగు నలుపు. రెండోదానికి మూలం జుగుప్స, రంగు నీలం. "బీభత్సాచ్చ భయానకః" అని, బీభత్సం నుంచి భయానకం పుడుతుందనీ చెప్పాడు. ఇవాళ చాలామంది ఆ మొదటి మెట్టు మీదే ఆగిపోయి, తెగిన చేతినీ చీలిన కడుపునూ చూపిస్తే పైమెట్టు దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు. వాంతి వస్తుంది, భయం రాదు.

రెండింటి మధ్య దూరం చూడాలంటే లేపాక్షి పోవాలి. విజయనగర రాజుల కాలంలో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ మీద, రాజుకు తెలియకుండా ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడన్న నింద పడిందనీ, కళ్లు తీయించమని ఆజ్ఞ అయ్యేసరికి తానే కళ్లు పెరికి గోడకేసి కొట్టాడనీ చెప్తారు. సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం పక్కన, గోడ మీద రెండు ఎర్రటి మచ్చలను గైడు చూపిస్తాడు. కళ్లు పెరకడాన్ని ఎదుట చూపిస్తే అది బీభత్సం. దాదాపు అయిదు వందల ఏళ్ల తర్వాత, మిట్టమధ్యాహ్నం ఎండలో, పిల్లలు సెల్ఫీలు దిగుతుండగా, మీ కంటి ఎత్తులో రెండు మచ్చలు మీ వైపే చూస్తున్నట్టు ఉంటే అది భయానకం. ఆ కథలో దయ్యమూ లేదు, నిజానికి హంతకుడూ లేడు. అయినా నాతో వచ్చిన మా అన్న కొడుకు, పదేళ్లవాడు, ఆ గోడకు వీపు పెట్టి నిలబడడానికి ససేమిరా అన్నాడు.

చెప్పినదంతా ఒక్క కథలో పెట్టి చూడాలనిపించినప్పుడు నాకు బెలూం గుహలు గుర్తొస్తాయి. అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర, చదునైన పొలాల మధ్య బావిలా దిగబడిన గొయ్యిలోంచి లోపలికి దిగాలి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు సగం దూరమే సందర్శకులకు తెరిచి ఉంది. లోపల ఉక్కపోత, గాలి కోసం పైనుంచి గొట్టాలు దింపారు, కొన్నిచోట్ల వంగి నడవాలి, అట్టడుగున పాతాళగంగ అనే నీటి పాయ. ఆఖరి బృందం వెళ్లిపోయాక లెక్కలో ఒక మనిషి తగ్గాడనుకుందాం. వెతకడానికి నలుగురు దిగారు, వాళ్లలో ఒకడు ఇంతకుముందే ఇక్కడ ఒకణ్ని చంపాడు, ఆ సంగతి పాఠకుడికి మొదటి పేజీలోనే తెలుసు.

హంతకుడు రాతిలోంచి దూరి రాగల దయ్యమైతే ఆ గుహకున్న ఒకే ఒక్క ద్వారానికి విలువ లేదు, వంగి నడిచే సందుకు విలువ లేదు, టార్చిలో తగ్గిపోతున్న బ్యాటరీకి విలువ లేదు. అతను మనిషే అయితే, అదే సందులోంచి అతనూ పాకే రావాలి, అతని మోకాళ్లూ గీసుకుపోవాలి, అతని ఊపిరీ ఉక్కకు బరువెక్కాలి. కనుక ఎట్లా అన్నదంతా మనిషికే వదిలేస్తాను. ఎందుకు అన్నచోట మాత్రం అతని చేత ఒక కారణం చెప్పిస్తాను, పొలం గట్టు తగాదానో, అప్పు కాగితమో, ఎవరైనా నమ్మదగినది. నమ్మి తల ఊపాక, పాతాళగంగ ఒడ్డున అతను నీళ్లలోకి వంగి చేతులు కడుక్కుంటూ, అది అబద్ధమని తనే అంటాడు. రెండో కారణం చెప్తాడు, అదీ నిజంలాగే ఉంటుంది. మూడోది చెప్పబోతుండగా, తప్పిపోయిన మనిషి గొంతుతో పైనుంచి అతని పేరు వినిపిస్తుంది. మిగిలిన ముగ్గురికీ ఆ పిలుపు వినిపించిందో లేదో నేను రాయను. అతను పలుకుతాడు.